గిన్నెలో పెట్టింది, మకావ్ తిన్నది

మకావ్‌ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న "దీనికి ఏం పెట్టాలి?" అని. జవాబులకు కొదవ ఉండదు. పొద్దుతిరుగుడు గింజలు పెట్టమని అమ్మినవాడు చెబుతాడు. వేరుశనగ పప్పులు ఇష్టంగా తింటుందని తెలిసినవాళ్లు చెబుతారు. జీడిపప్పు, బాదం పెడితే ఈకలు నిగనిగలాడతాయని ఇంకొకరంటారు. చిలకజాతి కదా, జామపండు పెట్టకుండా ఎలాగని ఇంట్లో పెద్దావిడ అంటుంది. వీటిలో ఏదీ విషం కాదు. అయినా పెంపుడు చిలకల తిండి మీద గత 40 ఏళ్లుగా వచ్చిన పరిశోధనలు, పక్షి వైద్యుల అనుభవాలు ఒకచోట పెట్టి చూస్తే, ఇది సగం ప్రశ్నేనని తేలుతుంది. పెట్టినదాంట్లోంచి పక్షి ఏం ఏరుకుంటోంది, ఏం వదిలేస్తోంది అన్నది మిగతా సగం. పెద్ద చిలకలకు తిండి వల్ల వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఆ రెండో సగం నుంచే పుడుతున్నాయి. పల్నాడు జిల్లాలో నరసరావుపేట, మాచర్ల, గురజాల లాంటి ఊళ్లలో మకావ్ ఇంకా అరుదైన పక్షి. గేదెకు ఏం పెట్టాలో, కోడికి ఏం పెట్టాలో చెప్పడానికి ఇంటింటా మనిషి ఉంటాడు గానీ దీని విషయంలో పక్కింటి అనుభవమంటూ ఉండదు. అందుకే వినికిడి మాటలు పక్కనపెట్టి, రుజువులు ఏం చెబుతున్నాయో, మన సంతలో దొరికే సరుకుతో వాటిని ఎంతవరకు పాటించగలమో చూడాలి.

చిలక తిండి గురించి మనకున్న ఊహలు రెండు చోట్ల నుంచి వచ్చాయనుకుంటాను. ఒకటి చిలకజోస్యం. కార్డు తీసిన చిలకకు జోస్యుడు ఒక వడ్లగింజ ఇస్తాడు, చిలక దాన్ని ఒలుచుకుని తిని పంజరంలోకి వెళ్తుంది. చిలకంటే గింజలు తినే పక్షి అన్న నమ్మకం అక్కడే స్థిరపడింది. (ఆ రామచిలుకను పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మకావ్‌లు మధ్య, దక్షిణ అమెరికాల పక్షులు కాబట్టి ఆ నిషేధం వాటికి వర్తించదు. అయితే 2022లో చట్టానికి వచ్చిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల తర్వాత ఇంట్లో ఉన్న మకావ్‌ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించడం తప్పనిసరి.) రెండోది పందెం కోడి. కోడిపందెం లేకుండా పల్నాటి వీరుల కథే లేదు. కారెంపూడి పేరు చెబితే యుద్ధంతో పాటు కోడీ గుర్తొస్తుంది. కోస్తా అంతటా పుంజును పందేనికి తయారుచేసేవాళ్లు బాదం, జీడిపప్పు, పిస్తా, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ కీమా పెడతారు. ఖరీదైన మేపే మంచి మేపు అన్న లెక్క మనకు అలా ఒంటబట్టింది. వేలకు వేలు పోసి తెచ్చిన మకావ్‌కి జీడిపప్పు పెట్టకపోతే లోటు చేసినట్టు అనిపించడం సహజమే. కానీ పుంజుకు కావలసింది కొన్ని నెలల దుడుకు. మకావ్ సరైన పోషణ ఉంటే 40, 50 ఏళ్లు బతకగల పక్షి. పందెం కోడికి కలిసొచ్చే కొవ్వే పంజరంలో కూర్చునే మకావ్ కాలేయంలో ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

అంకెలు చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనుషుల కోసం తయారుచేసిన ఆహార విలువల పాత పట్టికలు ఇక్కడ మనకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే అవి మన నేల మీద పండినవాటి లెక్కలు. వాటి ప్రకారం 100 గ్రాముల వేరుశనగ పప్పులో 40 గ్రాములు కొవ్వు. క్యాల్షియం 90 మిల్లీగ్రాములుంటే భాస్వరం 350. పొద్దుతిరుగుడు పప్పులో అయితే సగానికి సగం కొవ్వే, భాస్వరం క్యాల్షియానికి రెట్టింపు పైనే ఉంటుంది. చిలకల తిండిలో ఈ నిష్పత్తి తిరగబడి ఉండాలని, భాస్వరం కంటే క్యాల్షియం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలని పక్షి వైద్యులు చెబుతారు. గింజలే తిండి అయిన పక్షికి క్యాల్షియం తక్కువ అందడమే కాదు, ఎక్కువైన భాస్వరం ఆ కాస్తనీ ఒంటబట్టనివ్వదు. ఇక జామ. చిలక కొట్టిన జామపండు మీద మనకున్న మమకారం అంతా ఇంతా కాదు, సి విటమిన్‌లో దానికి సాటి వచ్చే పండ్లూ తక్కువే. కానీ మకావ్‌కి కావలసిన ఎ విటమిన్‌కి మూలమైన కెరోటిన్ అదే పట్టికలో జామకు ఎదురుగా సున్నా. మామిడిపండుకు 2,700 మైక్రోగ్రాముల పైన ఉంటే మునగాకుకు 6,780. ఆ మునగాకులోనే క్యాల్షియం 440 మిల్లీగ్రాములు, భాస్వరం 70 మాత్రమే. పెరట్లో ఉచితంగా దొరికే ఆకు ముందు, కిలో వందలు పోసి కొన్న జీడిపప్పు ఈ లెక్కలో నిలవదు.

కెరోటిన్ కరువైతే పక్షికి ఏమవుతుందో దాని నోట్లోనే కనిపిస్తుంది. మకావ్ నోరు తెరిపించి చూస్తే పై అంగిట్లో నిలువుగా ఒక చీలిక ఉంటుంది, ముక్కుకూ నోటికీ మధ్య గాలి దారి అది. ఆరోగ్యంగా ఉన్న పక్షిలో ఆ చీలిక అంచుల వెంట సన్నని ముళ్లలాంటి మొనలు వరసగా నిలబడి ఉంటాయి. ఎ విటమిన్ చాలనప్పుడు నోటి పొర, ముక్కు పొర, గాలిగొట్టం పొర తడి తగ్గి, మందమై, గట్టిపడతాయి. ఆ మొనలు మొద్దుబారి ఒక్కొక్కటే అరిగిపోతాయి. నాలుక కింద, అంగిట్లో తెల్లటి గడ్డలు రావచ్చు. సూక్ష్మజీవులను ఆపే తడిపొర దెబ్బతిన్నాక ముక్కు కారడం, కళ్లు వాయడం, ఊపిరి జబ్బు వరసగా వస్తాయి. ఇంటివాళ్లు దాన్ని జలుబనుకుని మందు వేస్తారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కొవ్వు దారి వేరు. అది చప్పుడు చేయదు. కాలేయంలో కొవ్వు పేరుకున్న పక్షికి ముక్కు అతిగా పెరగడం, పెళుసుబారడం, ఈకల రంగు మారడం లాంటి గుర్తులు కొన్ని ఉంటాయి గానీ చాలాసార్లు అవీ ఆలస్యంగానే కనబడతాయి. రక్తనాళాల్లో కొవ్వు గట్టిపడి, అంతవరకూ అరుస్తూ ఆడుతూ ఉన్న పెద్ద చిలక ఉన్నట్టుండి చనిపోవడం పక్షి వైద్యులకు కొత్త కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కౌట్సోస్, క్లాసింగ్ బృందం ఎదిగిన కాకటీల్ చిలకల మీద చేసిన పరిశోధనలో ఎ విటమిన్ లేని తిండి పెట్టిన పక్షుల కంటే అతిగా పెట్టినవే ఎక్కువ దెబ్బతిన్నాయి. మరి లోటు గురించి ఇంత భయం ఎందుకు అని అడగవచ్చు. దీనికి రెండు మాటలు చెప్పాలి. కాలేయం ఎ విటమిన్‌ను దాచుకుంటుంది, ఆ నిల్వ మీద ఎదిగిన పక్షి నెలల తరబడి నెట్టుకురాగలదు. పరిశోధన నడిచేది నెలలు, ఇంట్లో మకావ్ బతికేది దశాబ్దాలు. రెండోది, ఆ పరిశోధన నిజంగా హెచ్చరిస్తున్నది మందుల షాపులో దొరికే చుక్కల గురించి. ఆకుల్లో, గుమ్మడిలో ఉన్న కెరోటిన్‌ను శరీరం తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. సీసాలోని విటమిన్ నేరుగా ఒంట్లో చేరుతుంది, అక్కడ తూకం తప్పితే ఆపేవాళ్లు లేరు. డి విటమిన్ విషయంలో ఇది మకావ్‌లకు మరీ ప్రమాదం. డి ఎక్కువైన తిండి తిన్న మకావ్ పిల్లల మూత్రపిండాల్లో క్యాల్షియం పేరుకుని అవి చనిపోవడం 1980ల నుంచీ నమోదవుతోంది, మిగతా చిలకల కంటే మకావ్‌లు దీనికి త్వరగా లోనవుతాయి. కాబట్టి "గింజలే పెడతాను, పైన నాలుగు చుక్కలు నీళ్లలో కలుపుతాను" అనే మధ్యేమార్గం మార్గమే కాదు. కావలసిన డి విటమిన్‌కి పల్నాడు ఎండ ఉంది. పొద్దున పూట నీడా ఎండా కలిసిన చోట కాసేపు ఉంచితే చాలు. కిటికీ అద్దం వెనక నుంచి వచ్చే ఎండ మాత్రం లెక్కలోకి రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

గింజలతో పాటు పండ్లు, కూరగాయలు, పప్పులు అన్నీ కలిపి పెడుతున్నాం కదా, ఇక లోటెక్కడ అని చాలామంది అంటారు. నా వాదనంతా ఈ మాట దగ్గరే ఆగి నిలబడుతుంది. మకావ్ గిన్నె దగ్గరికి వచ్చి తినే తీరును నిదానంగా చూడండి. ముక్కుతో పై పొరను కెలికి కింద పడేస్తుంది. పొద్దుతిరుగుడు గింజ దొరకగానే నల్లటి బండ నాలుకతో దాన్ని నిలువుగా తిప్పి, కింది ముక్కు అంచుకు ఆనించి, ఒక్క నొక్కుతో పగలగొట్టి, పప్పు లోపలికి, పొట్టు బయటికి పంపిస్తుంది. క్యారెట్ ముక్కను కాలితో పట్టుకుని కాసేపు చూసి వదిలేస్తుంది. సాయంత్రానికి గిన్నెలో మిగిలేవి క్యారెట్, ఆకు, రాగి, గింజల పొట్టు. గిన్నె నిండుగా కనిపిస్తుంది కాబట్టి ఇంటివాళ్లు తినలేదేమో అనుకుని ఇంకో గుప్పెడు గింజలు వేస్తారు. ఇలా పది రకాలు పెట్టిన ఇంట్లోనూ పక్షి తినేది రెండు రకాలే అవుతుంది. 1991లో అమెరికా పోషణ శాస్త్రజ్ఞుడు డ్యూయెన్ అల్రీ బృందం గింజల మిశ్రమాలను, తయారుచేసిన మేతను పోల్చి ప్రచురించిన పరిశోధన ఈ చర్చను మలుపు తిప్పింది. గింజల మిశ్రమాల్లో పోషకాలు చాలా వరకు లోపించాయని అది చూపింది. తనకేం కావాలో పక్షికే తెలుసు అనే నమ్మకం మీద నాకు గౌరవం ఉంది, అడవిలో అది నిజమే కావచ్చు. కానీ కొవ్వు సులువుగా దొరకని చోట దాన్ని వెతుక్కోవడం నేర్చిన పక్షి అది. కొవ్వు ఎప్పుడూ అందుబాటులో ఉన్న గిన్నె ముందు దాని తెలివి దానికే ఎదురు తిరుగుతుంది.

అడవి మాట వచ్చింది కాబట్టి అన్నిటికంటే బలమైన అభ్యంతరాన్ని చూద్దాం. అడవిలో మకావ్‌లు తినేవి గింజలు, కాయలే కదా? అవును. మకావ్‌ని పండ్లు తినే పక్షి అనడం కంటే గింజను పగలగొట్టే పక్షి అనడమే నిజానికి దగ్గర. పండు గుజ్జును పడేసి లోపలి విత్తనం కోసం చూస్తుంది, పచ్చికాయలనూ వదలదు. బ్రెజిల్‌లో ఉండే నీలి హయసింత్ మకావ్ కొన్ని రకాల తాటిజాతి చెట్ల గట్టి కాయల మీదే చాలావరకు బతుకుతుంది. పెరూలోని తంబోపాటా అడవిలో ఎర్ర మకావ్ పిల్లల మెడ దగ్గర మేత నిలిచే సంచిలోంచి తల్లిదండ్రులు పెట్టిన ఆహారాన్ని తీసి పరీక్షించారు, అందులోనూ కొవ్వు తక్కువేం లేదు. కాబట్టి మకావ్‌కి కొవ్వే పనికిరాదని చెప్పేవాళ్లు తప్పు చెబుతున్నారు. చిన్న చిలకల కంటే దీనికి కొవ్వు కాస్త ఎక్కువే కావాలి, హయసింత్‌కి ఇంకా ఎక్కువ. కానీ ఆ కొవ్వుతో పాటు అడవిలో ఇంకేం ఉన్నాయో కూడా చూడాలి. ఋతువును బట్టి మారే పదుల రకాల చెట్ల గింజలు, పూలు, బెరడు, ఆకులు ఉన్నాయి. తిండి కోసం రోజూ మైళ్ల కొద్దీ ఎగరడం ఉంది. చివరికి మన్ను తినడం కూడా ఉంది. తంబోపాటా నదీతీరపు మట్టి గోడల మీద వందల మకావ్‌లు పొద్దున్నే వాలి మట్టి కొరుక్కు తినడాన్ని చూసిన శాస్త్రజ్ఞులు మొదట అది పచ్చిగింజల్లోని విషాలకు విరుగుడనుకున్నారు. తర్వాత బ్రైట్‌స్మిత్, అరాంబురు 2004లో అక్కడి మట్టిలో సోడియం ఎక్కువని చూపించి, ఉప్పు కోసమే ఎక్కువగా వెళ్తున్నాయని వాదించారు. రెండూ కొంత కొంత నిజం కావచ్చు. మొత్తానికి అడవి పక్షి తన తిండిలోని లోటును తీర్చుకోవడానికి మట్టి దాకా వెళ్లగలదు. మాచర్లలో వరండాలో పంజరంలో ఉన్న పక్షికి ఆ దారి లేదు. నూనె కోసం మనిషి ఎంపిక చేసి పెంచిన పొద్దుతిరుగుడు గింజను అడవి గింజకు బదులుగా లెక్కవేయడం ఇక్కడే చెల్లదు.

ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చిందే పెల్లెట్ మేత. ధాన్యం, పప్పు, ఖనిజాలు, విటమిన్లు కలిపి పొడిచేసి గుళికలుగా చేస్తారు కాబట్టి పక్షికి ఏరుకునే వీలుండదు. ఏ గుళిక తిన్నా అన్నీ అందినట్టే. దీనికి పునాది 1980లలో డేవిస్‌లో కాకటీల్‌ల మీద జరిగిన పరిశోధనలు, అక్కడి రౌడీబుష్, గ్రావ్ పిల్లల ఎదుగుదలకు తిండిలో 20 శాతం ప్రోటీన్ కావాలని తేల్చారు. దీని మీద అభ్యంతరాలు కూడా న్యాయమైనవే. పరిశోధనలు ఎక్కువగా కాకటీల్ మీద జరిగాయి, ఒక కిలో బరువుండే మకావ్ మీద జరిగినవి తక్కువ. చాలా పోషకాల అంకెలు కోళ్ల శాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నవే. రంగులు, చక్కెర కలిపిన గుళికలూ మార్కెట్లో ఉన్నాయి. దిగుమతి సంచి ధర మామూలు ఇంటికి బరువు, నరసరావుపేట దాకా వచ్చేసరికి దాని గడువు ఎంత మిగిలిందో చూసుకోవాలి, ఎండాకాలం గోదాములో విటమిన్లు నిలవవు. ఇవన్నీ ఒప్పుకున్నా, ఏరుకునే వీల్లేకపోవడమనే ఒక్క గుణం వల్ల పెల్లెట్లకు సాటి వచ్చేది ఇంకా రాలేదని నా అభిప్రాయం. రంగులేని గుళికలు, గడువు ఉన్న సంచి దొరికితే రోజు తిండిలో సగానికి పైగా అవే ఉండాలి. పైన సీసాల చుక్కలు మాత్రం అసలు వేయకూడదు, గుళికల్లో ఉన్నదానికి అవి తోడైతే ఇందాక చెప్పుకున్న మూత్రపిండాల జబ్బు దగ్గరవుతుంది.

గుళికలు దొరకనివాళ్ల సంగతేమిటి? అదే సూత్రాన్ని వంటింట్లో పాటించవచ్చు: ఏరుకోవడానికి వీల్లేకుండా కలపాలి. పెసలు, సెనగలు, అలసందలు మెత్తగా ఉడికించి, జొన్నో కొర్రో కలిపి, చివర్లో రాగిపిండి, సన్నగా తరిగిన మునగాకు వేసి ముద్దలా కలిపితే ఆకును తీసి పారేయడం పక్షి తరం కాదు. రాగుల్లో 344 మిల్లీగ్రాముల క్యాల్షియం, 283 భాస్వరం ఉన్నాయని అదే తార్నాక పట్టిక చెబుతోంది. తృణధాన్యాల్లో ఇలా క్యాల్షియం పైచేయిగా ఉండేది దాదాపు రాగి ఒక్కటే. తోటకూరలో, పాలకూరలో క్యాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిని రోజూ కాకుండా అప్పుడప్పుడు పెట్టడం మంచిది. చిలగడదుంప కొనేటప్పుడు కోసి చూడాలి, మన సంతలో ఎక్కువగా దొరికే తెల్లకండ దుంపలో కెరోటిన్ అంతంతమాత్రం, లోపల నారింజ రంగున్నదే పనికొస్తుంది. ఇక మిరప. పల్నాడు మిరప పండించే నేల, ఇక్కడ అందరికీ వచ్చే అనుమానం ఇది: కారం పక్షికి పడుతుందా? పడుతుంది. కారం పుట్టించే క్యాప్సైసిన్‌ను మన నాలుకలో గుర్తించే గ్రాహకం పక్షుల్లోనూ ఉంది, కానీ ఆ పదార్థానికి అది స్పందించదని 2002లో జోర్ట్, జూలియస్ చూపించారు. (డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది ఈ గ్రాహకం మీద చేసిన పనికే.) కాయను తిన్న పక్షి గింజను దూరంగా వేస్తుంది, మిరప మొక్కకు కావలసిందీ అదే. పండు మిరప మకావ్‌కి ఇష్టమైన, మేలు చేసే తిండి. అయితే చేలో ఎన్నిసార్లు మందు కొట్టారో తెలియని కాయను గాక, ఇంటి పెరట్లోనో కుండీలోనో కాసిన కాయను పెట్టాలి. బాదం, జీడిపప్పు, అక్రోటు, పచ్చికొబ్బరి ముక్క మానేయనక్కర్లేదు. వాటిని గిన్నెలోంచి తీసి చేతిలోకి తెచ్చుకుంటే చాలు. రోజుకు రెండో మూడో పప్పులు, పిలిస్తే వచ్చినందుకో, కాలు చాపి చేతి మీద ఎక్కినందుకో ఇస్తే పక్షికి కొవ్వూ అందుతుంది, మనిషి మీద మాలిమీ పెరుగుతుంది.

ఉడికిన ముద్దకు ఇక్కడి ఎండ పెద్ద శత్రువు. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాదే, వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. ఆ వేడిలో తడి తిండి గంటా రెండు గంటల్లో పులుస్తుంది, మొలకలైతే ఇంకా తొందరగా చెడతాయి. కాబట్టి తడి తిండి తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి పెట్టి, మిగిలింది వెంటనే తీసేయాలి. మధ్యాహ్నం గిన్నెలో పొడి తిండి, చల్లని శుభ్రమైన నీళ్లు చాలు. వేరుశనగకు ఇంకో చిక్కుంది. తేమ తగిలిన కాయలో ఆస్పర్జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, ఇది కాలేయాన్ని కొడుతుంది, ఉడకబెట్టినా పోదు. ఈ విషం ప్రపంచానికి తెలిసిందే పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వాటికి పెట్టిన వేరుశనగ చెక్క అని, అది బ్రెజిల్ నుంచి వచ్చిందని తేలింది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీని మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. మనుషులు తినడానికి అమ్మే మంచి వేరుశనగ తప్ప పశువుల దాణా కోసం పక్కన పెట్టింది, ముడుచుకుపోయింది, నల్లబడ్డది మకావ్‌కి పెట్టకూడదు. అంతకంటే ఘోరమైన పొరపాటు విత్తనాల సంచిలో మిగిలిన గింజలు పెట్టడం. పురుగుమందు పట్టించి, గుర్తు కోసం రంగు కలిపిన గింజ అది. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పొద్దుతిరుగుడు, జొన్న, మొక్కజొన్న విత్తనాలు ఇలా మిగులుతూనే ఉంటాయి. క్యాల్షియం కోసం పిడుగురాళ్ల సున్నం నీళ్లలో కలపడం లాంటి ఆలోచనలూ వద్దు, అది నోటిని, కడుపును కాలుస్తుంది. ఆయుర్వేద సరుకులమ్మే షాపుల్లో దొరికే సముద్రపు నురుగు, ఉడకబెట్టి ఆరబెట్టిన గుడ్డుపెంకు పొడి సురక్షితం. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పు దట్టించిన పచ్చళ్లు, కారప్పూస దగ్గరికే రానీయకూడదు. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపుతుంది, ఇది తిండి కాకపోయినా తిండి వండే చోటి సంగతి కాబట్టి చెప్పాలి.

"మా పక్షి పదేళ్ల నుంచి గింజలే తింటోంది, దానికేం కాలేదు" అనేవాళ్లుంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. కానీ వేటాడే జంతువుల కంటపడకుండా బతికే పక్షి తన నీరసాన్ని చివరి దాకా బయటపెట్టదు, ఇంటివాళ్లకు తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. 50 ఏళ్లు బతకగల పక్షికి పదేళ్లంటే ఇంకా యవ్వనమే. పైగా చనిపోయిన పక్షుల యజమానులు ఇలాంటి మాటల్లో పాల్గొనరు, మిగిలినవాళ్ల గొంతే వినబడుతుంది. ఇది విన్నవాళ్లు వెంటనే గింజల గిన్నె తీసేసి గుళికలు పెడితే అదీ ప్రమాదమే. తెలియని వస్తువును మకావ్ తిండిగా గుర్తించదు, పస్తులుంటుంది. వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి, గింజల పాలు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. గ్రాముల్లో చూపే వంటింటి కాటా మీద చిన్న కర్ర అమర్చి, రోజూ పొద్దున తిండికి ముందు తూయాలి. నీలి-పసుపు మకావ్ మామూలుగా 900 నుంచి 1,200 గ్రాములుంటుంది. మొదలుపెట్టిన రోజు బరువులో పదో వంతు తగ్గిందంటే మార్పు ఆపేసి పాత తిండికి వెళ్లి, డాక్టరును కలవాలి. చేత్తో తినిపించాల్సిన పిల్లను కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పసిపిల్లలకు కలిపే పాలపిండి పక్షి పిల్లకు పనికిరాదు, పాలలోని చక్కెరను అది అరిగించుకోలేదు. చిలక పిల్లల కోసం చేసిన పిండిని 40 డిగ్రీల దగ్గర, చెంచాలో థర్మామీటరు పెట్టి చూసుకుని పట్టాలి. చల్లగా ఉంటే సంచిలో నిలిచిపోయి పులుస్తుంది, వేడెక్కువైతే మెడలోని ఆ సంచి కాలి రంధ్రం పడుతుంది. అందుకే పూర్తిగా తనంతట తాను తినడం నేర్చిన పక్షినే కొనడం మేలు.

జిల్లాలో పశువైద్యం ఎక్కువగా పాడిపశువుల చుట్టూ, కోళ్ల చుట్టూ తిరుగుతుంది, అది ఇక్కడి రైతుల అవసరం. మకావ్ విషయంలో అనుమానం వచ్చినప్పుడు దగ్గరి పశువుల డాక్టరుతో మొదలుపెట్టి, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దాకా వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి. నమోదు కాగితాలు లేవన్న భయంతో పక్షిని ఇంట్లోనే దాచుకుని చూసుకుంటే జబ్బు ముదరడమే జరుగుతుంది, ముందు ఆ పని పూర్తిచేసుకోవాలి. వెళ్లేటప్పుడు పక్షితో పాటు తీసుకెళ్లవలసినవి మూడు: నెల రోజుల బరువుల చీటీ, వాడుతున్న మేత సంచి లేబుల్, వారం రోజుల పాటు పొద్దున గిన్నెలో వేసినదాన్నీ సాయంత్రం మిగిలినదాన్నీ విడివిడిగా తూచి రాసుకున్న కాగితం. మిగిలినది తూచేటప్పుడు గింజల పొట్టును చెరిగి వేరు చేయాలి, పంజరం అడుగున పడ్డ ముక్కలను కూడా లెక్కలో కలపాలి.